ఇరవై సెకన్ల నీలి దీపం

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నా క్లినిక్ మెట్లు దిగే ప్రతి తల్లీ తండ్రీ అనుకుంటూనే దిగుతారు. "ఎలాగూ ఊడిపోయే పన్నేగా డాక్టరుగారూ, దానికి ఫిల్లింగెందుకు?" అని అడిగినవాళ్ళని నేను ఊరికే వదలను. ఎలాగూ మాసిపోతాయని బట్టలు ఉతకడం మానేశారా అని అడుగుతాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల పళ్ళు తప్ప వేరే పని చేయలేదు. పెద్దవాళ్ళ నోళ్ళు నాకు పడవు.

పుచ్చిన పాలపన్నులో ఏం నింపాలన్నది మా పిల్లల డాక్టర్ల మధ్య ఎప్పుడూ తెగని తగాదా. వెండి ఫిల్లింగు గట్టిదే, కానీ అది పట్టు చిక్కించుకోవడానికి మంచి పన్నుని కూడా ఇంకాస్త తవ్వాలి. పైగా పిల్ల నవ్వితే నల్లగా కనిపిస్తుంది. స్టీలు తొడుగు మొండిఘటం, అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది. తల్లులు మాత్రం దాన్ని చూడగానే మొహం ముడుచుకుంటారు. ఇక మిగిలినవి రెండు. గాజు సిమెంటు, రెసిన్. సిమెంటు పొడినీ ద్రవాన్నీ కలిపి పెడితే దానంతట అదే గట్టిపడుతుంది. కాస్త తడి తగిలినా ఓర్చుకుంటుంది, కాబట్టి కుదురుగా కూర్చోని పిల్లలకి మేలు. కానీ త్వరగా అరుగుతుంది. రెసిన్ అందగత్తె. పన్ను రంగులో కలిసిపోతుంది, ఉమ్మి చుక్క తగిలితే అలుగుతుంది, పైగా నీలి దీపం కింద ఇరవై సెకన్లు ఉంచితే తప్ప గట్టిపడదు.

ఈ రెండిట్లో ఏది మేలో తేల్చాలని నేను ఒక పరిశీలన పెట్టుకున్నాను. నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరికీ పై దవడలో కుడివైపొకటి, ఎడమవైపొకటి పుచ్చిన పన్ను ఉండాలి. చీటీ తీసి ఒక వైపు సిమెంటు, రెండో వైపు రెసిన్ పెడతాను. ఒకే నోరు, ఒకే తిండి, ఒకే బ్రష్షు, కాబట్టి తేడా వస్తే అది పెట్టిన సరుకు వల్లే. ఆరు నెలలకోసారి చూస్తాను. పన్ను ఊడాక దాన్ని చిన్న కవరులో పెట్టి నాకు తెచ్చివ్వాలి.

ఇదంతా రాసిపెట్టే బాధ్యత మా క్లినిక్‌లో పనిచేసే రిజిస్టరక్కది. ఆవిడ నాకన్నా ఏడేళ్ళు పెద్ద, నాకన్నా ఎంతో నిదానం. నేను నోటితో చెప్తుంటే ఆవిడ రాస్తుంది. "కుడి అంటే పిల్ల కుడి, మన కుడి కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి కుర్చీ ఎదురుగా గోడకి అంటించింది కూడా ఆవిడే. పిల్లకి ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి కుడి ఎడమవుతుంది మరి. మా పనిలో జరిగే తప్పుల్లో సగం అక్కడే.

నలభయ్యో పిల్లని ఆవిడే పట్టుకొచ్చింది. వెనక సందులో బట్టలు కుట్టే ఆవిడ కూతురు. ఎనిమిదేళ్ళు. ఒక్క క్షణం కుదురుగా ఉండదని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారట. ఆ పేరు ఊరికే పెట్టలేదని కుర్చీ ఎక్కిన రెండు నిమిషాల్లోనే నాకు తెలిసొచ్చింది. దీపం వైపు చూస్తుంది, కాళ్ళు ఊపుతుంది, నోరు తెరవమంటే తెరిచి ఏదో ఒక ప్రశ్న వేసి మూసేస్తుంది. తల్లి పక్కనుంటే ఇంకా ఎక్కువ చేస్తుందని ఆవిడని బయట కూర్చోమన్నాను.

పై పళ్ళని నేరుగా చూస్తూ పని చేయలేం. పొడుగు కాడ చివర కోటు బొత్తామంత గుండ్రటి అద్దం ఉంటుంది. దాన్ని నోట్లో పెట్టి, అందులో కనిపించే పన్నుని చూస్తూ చెయ్యి ఆడించాలి. మా గురువుగారు ఒక మాట వందసార్లు చెప్పేవారు. నోట్లో ఒక అద్దం ఉండగా పిల్ల చేతికి ఇంకో అద్దం ఇవ్వొద్దని. ఎందుకండీ అంటే, "ఏ వైపు పని చేస్తున్నావో నీకే తెలియకుండా పోతుంది" అనేవారు. చేయి తిరగనివాళ్ళకి చెప్పే జాగ్రత్త అనుకున్నాను. నా చేయి తిరిగి పాతికేళ్ళు దాటింది.

బ్రష్ ఎలా పట్టుకోవాలో చూపించడానికి మా దగ్గర ఒక చేతి అద్దం ఉంది. కోడిగుడ్డు ఆకారం, ఎర్ర ప్లాస్టిక్ పిడి. దాన్ని తీసి పిచ్చుక కుడి చేతిలో పెట్టాను.

"ఇదిగో, నీ పన్ను నువ్వే చూసుకో. కదిలావంటే కనిపించదు మరి!"

బొమ్మలా బిగిసిపోయింది. అంత కుదురైన పిల్లని నేను మళ్ళీ చూడలేదు. నోట్లో నా అద్దం, దానికి ఎదురుగా దాని అద్దం. నా అద్దంలో దాని అద్దం, అందులో మళ్ళీ నా అద్దం, అలా లోపలికి పోతూనే ఉన్నాయి. కాసేపటికి నేను నా అద్దం మానేసి దాని అద్దంలోకే చూస్తూ పని చేస్తున్నానని గమనించాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఎడమ పన్నులో సిమెంటు అయింది. కుడి పన్నులో రెసిన్ నింపి నీలి దీపం అందుకున్నాను. ఆ వెలుగు కళ్ళకి మంచిది కాదు. నేనూ అక్కా నారింజ రంగు కళ్ళజోళ్ళు పెట్టుకుని, అప్పటికీ తల పక్కకి తిప్పుకుంటాం. పిల్లని కళ్ళు మూసుకోమంటాం. ఆ ఇరవై సెకన్లూ గదిలో ఎవరూ ఎవరినీ చూడరు. పిచ్చుక మాత్రం కళ్ళు మూసుకుందో, అద్దంలోకే చూస్తూ ఉందో, నేను ఈరోజుకీ చెప్పలేను.

దీపం బీప్‌మంది. పిల్ల అలాగే ఉంది. "అయిపోయింది, దిగమ్మా" అన్నాను. కుర్చీకి కుడి పక్కన మెట్టు ఉంటుంది. పిల్ల ఎడమ పక్కకి దిగబోయి పనిముట్ల పళ్ళెంలో పడింది. అక్కా నేనూ నవ్వుకున్నాం. అద్దం దాని ఎడమ చేతిలో ఉందన్నది చాలాకాలానికి గానీ గుర్తు రాలేదు.

మూడో రోజు తల్లి ఒక్కతే వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"డాక్టరమ్మా, పిల్లకి మందేమన్నా పడలేదేమో. ఎడం చేత్తో తింటోంది. రాస్తే అక్షరాలు తిరగేసి రాస్తోంది. మా ఇంటి గడియ ఎటుందో తెలీక తలుపంతా తడుముకుంటోంది."

"మత్తు సూది చిగురుకిచ్చానమ్మా, చేతికివ్వలేదు" అన్నాను. "కొందరికి ఎడమచేతి వాటం ఆలస్యంగా బయటపడుతుంది. దానికీ పన్నుకీ ముడిపెట్టకండి."

ఆవిడ ఇంకేదో అనబోయి నా మొహం చూసి ఆగిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు నెమ్మదిగా వినిపించింది. "అంత కసురుకోవాలా?" అంది అక్క. నేను చేతులు కడుక్కుంటూ విననట్టు ఊరుకున్నాను.

ఆరు నెలల చెకప్‌కి పిచ్చుక వచ్చింది. ఎంత నెమ్మదో! చెప్పకముందే నోరు తెరిచింది, కాళ్ళు దగ్గరగా పెట్టుకుంది. రెండు ఫిల్లింగులూ పన్ను రంగులోనే ఉంటాయి కాబట్టి ఏది ఏదో చూడగానే తెలియదు. గాలి కొట్టి ఆరబెడితే తెలుస్తుంది. సిమెంటు సుద్దలా పాలిపోతుంది, రెసిన్ మెరుస్తూనే ఉంటుంది. కుడి పన్ను మీద గాలి కొట్టాను. పాలిపోయింది. ఎడమదాని మీద కొట్టాను. మెరిసింది.

"అక్కా, నలభయ్యో నంబరు చదవండి."

"కుడి రెసిన్, ఎడమ సిమెంటు."

"తప్పు రాశారు."

అక్క పెన్ను కింద పెట్టింది. "నేను తప్పు రాయలేదు. చీటీ కూడా అంటించాను, చూసుకోండి."

నేను ఒంటికాలి మీద లేచాను. నలభై మందిలో ఒక్కరి లెక్క తిరగబడితే మిగతా ముప్పై తొమ్మిది మందినీ ఎవరు నమ్ముతారని అరిచాను. గోడకి కాగితాలంటించడం కాదు, చూసి రాయడం నేర్చుకోవాలన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్క రిజిస్టరు తిప్పి నా ముందు పెట్టింది.

"నా చేత్తో రాసింది నేను కొట్టేయను. కావాలంటే మీరే కొట్టేసుకోండి."

కొట్టేశాను. కుడి రెసిన్ అన్నచోట కుడి సిమెంటు అని రాసి సంతకం పెట్టాను. రెండు గీతలు, ఒక సంతకం, అంతే. పిల్ల కుర్చీలోంచి నన్నే చూస్తోంది. నేను అటు తిరగ్గానే పెదాలు బిగించి నవ్వింది. ఆ నవ్వులో బతిమాలుతున్నట్టు ఏదో ఉంది. చెకప్ అయిపోయిందన్న సంతోషమనుకుని ఒక స్టిక్కరు ఇచ్చి పంపాను.

ఏడాది చెకప్‌కి వారం ముందు, మధ్యాహ్నం క్లినిక్ ఖాళీగా ఉన్నప్పుడు తల్లి మళ్ళీ వచ్చింది. చేతిలో రెండు గౌన్లు. ఒకటి పాతది, ఒకటి ఈ మధ్య కుట్టింది. నా బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"కోప్పడకుండా ఒక్క రెండు నిమిషాలు వినండి డాక్టరమ్మా. మా పిచ్చుకకి పుట్టినప్పట్నుంచీ కుడి భుజం అరంగుళం దిగి ఉంటుంది. చూస్తే ఎవరికీ తెలీదు, టేపు పెడితేనే తెలుస్తుంది. అందుకని నేను కుడి భుజం దగ్గర ఆ మేరకి తగ్గించి కత్తిరిస్తా. ఇదిగో, ఈ పాతది అలా కుట్టిందే. మీ దగ్గరికొచ్చి వెళ్ళిన వారానికి ఇదే గౌను వేస్తే కుడి పక్క లాగేసి, ఎడం పక్క సంచిలా వేలాడింది. టేపు పెట్టి చూశా. ఎడం భుజం దిగింది."

కొత్త గౌను మీద వేలు పెట్టింది. ఎడమ భుజం దగ్గర కత్తిరింపు అరంగుళం కిందికి ఉంది.

"చెయ్యి వాటం మారిందన్నారు, సరే అనుకున్నా. ఎముక కూడా పక్క మారుతుందా డాక్టరమ్మా?"

"కవలపిల్లలేమన్నా..." అని నీళ్ళు నమిలాను.

"ఒక్కతే. నేనే కన్నాను, నాకు తెలీదా?" ఆవిడ పాత గౌనుని దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడున్నది మంచి పిల్లే. మా పిచ్చుకకన్నా నెమ్మది. నా కళ్ళకి ఆనడం లేదని సూదుల్లో దారం ఎక్కించి వరసగా గుచ్చిపెడుతుంది. పడుకునేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటే తెల్లారేదాకా వదలదు. కానీ నా కూతురు కాదు. నా కూతుర్ని మీ కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళాను. నాకు నా కూతురు కావాలి."

మర్నాడు పిల్లని తీసుకురమ్మన్నాను. ఆవిడ భ్రమ పోగొడదామనే, అప్పటికింకా. అక్క కూడా పక్కనే ఉంది. పిల్ల నోరు తెరిచింది. నా ఎడమ చేతి వేలు దాని నాలుక మీద ఉంది. చిన్న అద్దాన్ని లోపలికి పెట్టే ముందు పెదాల ఎదురుగా ఒక్క క్షణం ఆపాను.

అద్దంలో నా వేలు లేదు. అందులో నోరు మూసుకుని ఉంది. నేను చూస్తుండగానే ఆ పెదాలు నెమ్మదిగా తెరుచుకుని, కలుసుకుని, మళ్ళీ తెరుచుకున్నాయి. ఏ మాట పలికితే పెదాలు అలా కలుస్తాయో పిల్లల నోళ్ళు చూసి బతికేదాన్ని, నాకు వేరే చెప్పాలా? అమ్మా అంటోంది.

అద్దం నా చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. అక్క మొహం సున్నంలా అయిపోయింది. ఆవిడా చూసింది. పిల్ల మాత్రం నోరు అలాగే తెరుచుకుని, నా వేలుకి పన్ను తగలకుండా జాగ్రత్తపడుతూ కూర్చుంది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఏమీ చేయలేదు. "చూద్దాం, ఆలోచిద్దాం" అని తల్లిని పంపేశాను. ఆవిడ వస్తోందని తెలిస్తే లోపల గదిలో ఉండిపోయి లేనని చెప్పించాను. పెద్ద నోరున్న మనిషినని పేరు నాకు. భయం వేస్తే ఆ నోరు ఎటు పోయిందో తెలియదు. చేతి అద్దాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. ఇంట్లో కూడా అద్దం చూసుకోకుండా తల దువ్వుకునేదాన్ని. అలా ఆరు నెలలు గడిచాయి.

ఒకరోజు ఆవిడ చెప్పకుండా వచ్చేసి గుమ్మంలో నిలబడింది.

"ఎడం పన్ను ఊగుతోంది. మీరు దీపం పెట్టిన పన్ను."

తొమ్మిదిన్నరేళ్ళకి ఆ పన్ను ఊడటం మామూలే. పాలపన్నుకి పెట్టిన ఫిల్లింగు పన్ను ఊడేదాకా నిలిస్తే చాలని జీవితమంతా చెప్పినదాన్ని నేనే. కానీ నాకు తెలిసిన దారి అదొక్కటే. సిమెంటు దానంతట అది గట్టిపడింది. దీపం పెట్టింది రెసిన్ పన్ను మీద. పిల్లలు మారిపోయిన ఆ ఇరవై సెకన్లూ ఆ పన్ను మీదే గడిచాయి. అదే పన్ను, అవే రెండు అద్దాలు, అదే దీపం పెడితే తిరిగి వస్తుందేమో. పన్ను ఊడి కవరులో పడిందంటే ఇక ఏ దీపం ఎక్కడ పెట్టను?

వేలితో కదిపి చూశాను. ఒకటి రెండు రోజులకన్నా ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ మూసి నలుగురమే ఉన్నాం. తల్లి పిల్లకి ఆ పాత గౌనే, కుడి భుజం తగ్గించిందే, అంచు దించి వేసి తీసుకొచ్చింది. పిల్ల ఒంటి మీద అది వంకరగా కూర్చుంది. కుర్చీ ఎక్కి నా చేతిలో ఎర్ర పిడి అద్దం చూడగానే పిల్ల మొహంలో రంగు పోయింది. ఏం జరగబోతోందో దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

"డాక్టరాంటీ, వద్దు."

నేను పళ్ళెంలోంచి చిన్న అద్దం తీశాను.

"అక్కడేమీ ఉండదు. అద్దం ముందు ఎవరన్నా ఉంటేనే గది ఉంటుంది. వాళ్ళు లేచి వెళ్ళిపోతే గది కూడా పోతుంది. చీకటి కూడా ఉండదు. ఎవరో ఒకరు వచ్చేదాకా అలాగే ఉండాలి." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నేను అల్లరి చెయ్యనుగా. కుడిచేత్తో రాయడం కూడా నేర్చుకుంటున్నానుగా. నిన్న పద్దెనిమిది సూదులెక్కించానుగా."

తల్లి మొహం గోడకి తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాకూ కళ్ళు మసకబారాయి. ఈ పిల్ల ఏం తప్పు చేసింది? తప్పంతా నాది. నలభయ్యో నంబరు దక్కాలని ఆశపడి, నా చేతి మీద నాకున్న పొగరుతో, గురువు మాట గాలికొదిలేసి అద్దం చేతికిచ్చింది నేను.

"మీరేమంటే అది చేస్తానమ్మా. వద్దంటే ఇప్పుడే ఆపేస్తాను" అన్నాను తల్లితో.

కిందనుంచి ఎవరో షట్టరు దించుతున్న చప్పుడు వచ్చింది. అప్పుడు ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చి పిల్ల నుదురు మీద ముద్దు పెట్టుకుంది. మెడలోని టేపు తీసి దాని మెడలో వేసింది.

"ఏడాదిన్నరగా అక్కడ అది ఎలా ఉందో ఇప్పుడు నువ్వే చెప్పావు కదమ్మా" అంది. "నేను తల్లినమ్మా. దాన్ని అక్కడ ఎలా వదిలెయ్యను?" తర్వాత నా వైపు చూడకుండా, "వేయండి" అంది.

పిల్ల నోరు తెరిచింది. ఎర్ర అద్దాన్ని దాని ఎడమ చేతిలో పెట్టాను. చిన్న అద్దాన్ని నోట్లో పెట్టాను. అద్దంలో అద్దం, అందులో అద్దం. నారింజ కళ్ళజోడు పెట్టుకుని తల తిప్పుకున్నాను. దీపం మీట నొక్కాను.

నా బతుకులో అంత పొడుగు ఇరవై సెకన్లు లేవు. నా వేళ్ళ కింద చిన్న దవడ వణుకుతోంది. మధ్యలో ఒక్కసారి ఆ వణుకు పూర్తిగా ఆగిపోయింది. వేళ్ళ కింద ఏమీ లేనట్టు అనిపించింది. మళ్ళీ దవడ తగిలింది. దీపం బీప్‌మంది.

ముందు నేను చూసింది గౌను. రెండు భుజాల మీదా సరిగ్గా కూర్చుంది. అద్దం కుడి చేతిలో ఉంది. టేపు మెడలో లేదు.

పిల్ల గదినంతా ఒక్కొక్క మూలా చూసింది. నన్ను, అక్కని, తల్లిని చూసింది. ఏడవలేదు. కుర్చీకి కుడి పక్కన, మెట్టు మీదుగా దిగి, వెళ్ళి తల్లి నడుము పట్టుకుంది.

"ఎవరూ లేచి వెళ్ళకండి" అంది.

మేము ముగ్గురం సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చున్నాం.

పిల్ల కాస్త కుదుటపడ్డాక గాలి కొట్టి చూశాను. కుడి పన్ను మెరిసింది, ఎడమది పాలిపోయింది. అక్క రిజిస్టరు తెచ్చి నేను కొట్టేసిన గీతల కింద మొదట రాసిందే మళ్ళీ రాసింది. నేను సంతకం పెట్టి, "నన్ను క్షమించండక్కా" అన్నాను. ఆవిడ పేజీ ఆరేదాకా ఊది మూసేసింది. రెండో రోజుకి పన్ను కవరులో వచ్చింది. దానితో పాటు తల్లి కూడా వచ్చి ఆ ఎర్ర అద్దం ఇమ్మని అడిగింది. గుడ్డతో సహా ఇచ్చేశాను. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

మళ్ళీ ఆరు నెలలకి నా కోటు అంచు ఊడితే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కోటు వంక మాత్రమే. ఒకటే గది. కిటికీ పక్కన కుట్టు మిషను, దాని ఎదురుగా గోడకి ఆ అద్దం. ఆవిడ తల ఎత్తితే మొహం అందులో పడేంత ఎత్తులో కట్టింది. తను లేవాల్సి వస్తే పిచ్చుకని కూర్చోబెడుతుందట. ఇద్దరూ బజారుకి వెళ్తే పక్కింటావిడ వచ్చి కాసేపు కూర్చుంటుందట. పడుకునేటప్పుడు మంచానికి ఎదురుగా తగిలిస్తుందట. ఆ అద్దం ముందు ఎవరూ లేని క్షణం ఆ ఇంట్లో ఉండదు.

"మీ లెక్క తేలిందా డాక్టరమ్మా? రెండిట్లో ఏది మంచిది?" అంది కోటు అందుకుంటూ.

"రెండూ పన్ను ఊడేదాకా నిలిచాయి" అన్నాను. "ఏదీ తీసిపోలేదు."

ఆవిడ తల ఊపి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మేకుకి కొత్త గౌను ఒకటి హేంగరు మీద వేలాడుతోంది. పిచ్చుక బడికి అలాంటి గౌనే వేసుకెళ్ళడం మెట్ల దగ్గర చూశాను. ఒకే గుడ్డ, ఒకే కుట్టు. దీనికీ కుడి భుజమే అరంగుళం తగ్గించి ఉంది.

"ఆ పిల్లకి ఎడమ భుజం కదా?" అని నోరు జారాను.

"అద్దంలోకి వెళ్తే అదే ఎడమవుతుందిగా. ఇద్దరికీ ఒకటే కొలత చాలు." మిషను ఆపకుండానే అంది. "నేను తల ఎత్తితే దాక్కుంటుంది డాక్టరమ్మా, నాకు కనిపించదు. అలిగింది నా మీద. మీరు చూసి చెప్పండి, భుజం దగ్గర సరిగ్గా కూర్చుందా?"

తల ఎత్తి అద్దంలోకి చూశాను. గది ఉంది, కిటికీ ఉంది, వంగి కుడుతున్న ఆవిడ వీపు ఉంది. ఆ వీపుని ఆనుకుని, సూదిని వెలుగుకి పట్టి దారం ఎక్కిస్తూ, ఎడమ చేతివాటం పిల్ల ఒకతె కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు ఉంది. అద్దంలోని మేకుకి ఖాళీ హేంగరు వేలాడుతోంది.

"కూర్చుందమ్మా" అన్నాను. "చక్కగా కూర్చుంది."